అచ్చం వాళ్ళ నాయినే: మా ఇంటికి ఏడీహెచ్‌డీ అనే పేరు తెలిసిన ఏడాది

మా చిన్నోడు మూడో తరగతిలో ఉండగా ఒక శనివారం పేరెంట్ టీచర్ మీటింగ్‌కి వెళ్ళాను. క్లాస్ టీచర్ వాడి లెక్కల నోట్‌బుక్ తెరిచి నా ముందు పెట్టింది. మొదటి నాలుగు తీసివేతలూ తప్పు లేకుండా చేశాడు. ఐదోది సగంలో ఆగిపోయింది. దాని కిందంతా లారీ బొమ్మ. పద్నాలుగు చక్రాలు, ఒక్కో చక్రానికి బోల్టులు, వెనక డాలా మీద "హారన్ ఓకే ప్లీజ్" కూడా రాసి ఉంది. పేజీ తిప్పితే మళ్ళీ అదే వరస. మూడో నాలుగో లెక్కలు, ఆ తర్వాత బొమ్మ.

"రాక కాదు మేడమ్, కుదురుగా కూర్చోడు. లేచి తిరుగుతాడు. నేను ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పేస్తాడు. ఈ నెలలో రెండు వాటర్ బాటిళ్ళు, ఒక స్వెటర్ పోగొట్టాడు" అంది. ఆమె మాటలో కోపం లేదు. పక్కన కూర్చున్న పెద్ద మేడమ్ మాత్రం, "తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి పోతే పిల్లలు ఇట్లాగే తయారవుతారు. ఇంట్లో కాస్త క్రమశిక్షణ పెట్టండి" అంది. నేను బ్యాంకులో పనిచేస్తాను. మా వారికి కోఠి ట్రూప్ బజార్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. ఆ మాట మనసులో పెట్టుకుని ఇంటికి వచ్చి, ఆ రాత్రి వాణ్ణి హోమ్‌వర్క్ దగ్గర కొట్టాను. వాడు ఏడుస్తూ, "నేను కూర్చోవాలనే అనుకుంటా మమ్మీ, నాకు తెలియకుండానే లేస్తా" అన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లాడు అంత స్పష్టంగా చెప్పిన మాట నాకు అర్థం కావడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.

మా అత్తమ్మ మాత్రం మొదటి నుంచీ ఒకే మాట మీద ఉంది. "అచ్చం వాళ్ళ నాయినే. గిట్లనే దుంకెటోడు. పెద్దయితే వాడే కుదురుకుంటడు, ఊకో."

బడిలో పెంపకం అన్నారు, ఇంట్లో పోలిక అన్నారు. ఈ రెండు మాటల మధ్య చాలా రోజులు నలిగాను.

మొదట చూపించింది మామూలుగా వెళ్ళే పిల్లల డాక్టరుకే. ఆయన తొందరపడి ఏ పేరూ పెట్టలేదు. చెవి సరిగ్గా వినపడని పిల్లలు కూడా పిలిస్తే పలకరు, చూపు ఆనని పిల్లలు కూడా బోర్డు చూడకుండా అటూ ఇటూ చూస్తారు అని ఆడియోమెట్రీకి, కంటి పరీక్షకు రాశారు. రక్తం తక్కువగా ఉందేమోనని హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూశారు. రాత్రి గురక పెడతాడా, నోరు తెరిచి పడుకుంటాడా అని అడిగారు. అన్నీ బాగానే ఉన్నాయి. అప్పుడు ఒక చీటీ మీద చైల్డ్ సైకియాట్రిస్టు అని రాసి చేతిలో పెట్టారు.

ఆ చీటీ మా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద నెలన్నర ఉంది. "ఎర్రగడ్డ డాక్టరు తానికా? పిల్లగానికేమైంది?" అని అత్తమ్మ ఏడ్చేసింది. హైదరాబాద్‌లో పెరిగినవాళ్ళకు ఈ మాట బరువు తెలుసు. ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక వైద్యాలయం, ఎంతోమందికి మళ్ళీ నిలబడే బలం ఇచ్చిన చోటు. మనం ఆ ఊరి పేరునే తిట్టుగా మార్చేశాం. నేనూ చిన్నప్పుడు స్నేహితులను "ఎర్రగడ్డకు పంపాలి నిన్ను" అన్నదాన్నే. ఆ మాట వల్ల ఎన్ని ఇళ్ళలో ఎన్ని చీటీలు అట్లా ఫ్రిజ్‌ల మీద ఉండిపోయాయో అని ఇప్పుడు బాధగా ఉంటుంది.

ఆ నెలన్నరలోనే జీన్ టెస్ట్ వచ్చిపడింది. మా అపార్ట్‌మెంట్‌లో హెల్త్ క్యాంప్ పెట్టిన ఒక కంపెనీవాళ్ళు, పిల్లల ఉమ్మి పరీక్ష చేసి ఏకాగ్రత జన్యువుల్లో ఉందో లేదో చెప్పేస్తామన్నారు. 18 వేల రూపాయలు. నేను వెంటనే ఒప్పుకోవడానికి ఒక కారణం ఉంది. మేము వైశ్యులం. మా ఆడపడుచుకు అపెండిక్స్ ఆపరేషన్ అప్పుడు మత్తు డాక్టరు వచ్చి మొట్టమొదట అడిగిన ప్రశ్న, "మీరు వైశ్యులా?" అని. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు వదులవడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు. మామూలుగా కొద్ది నిమిషాల్లో దాని పని అయిపోతుంది. బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్ళలో మాత్రం ఆ మందు కరగదు, గంటలకొద్దీ ఊపిరి సొంతంగా తీసుకోలేరు. ఈ లోపం మా వాళ్ళలో మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ. ఒకే ఒక్క జన్యువులో మార్పు, తరతరాలుగా మనలో మనమే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల నిలిచిపోయింది. ముందే తెలిస్తే మందు మార్చేస్తారు, ప్రాణం నిలుస్తుంది. జన్యువు అంటే నాకు తెలిసింది ఇదే. ఒక జన్యువు, ఒక పరీక్ష, ఒక జవాబు. మా చిన్నోడికి కూడా అట్లాంటి జవాబు దొరుకుతుందని ఆశపడ్డాను.

ప్లాస్టిక్ గొట్టం మీద గీత ఉంటుంది. ఆ గీత దాకా ఉమ్మి నింపాలి, నురగ లెక్కలోకి రాదు. అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, నీళ్ళు కూడా తాగకూడదు. వాడు రెండుసార్లు ఉమ్మి, లేచి బాల్కనీలోకి పోయి, వచ్చి మళ్ళీ ఉమ్మి, గొట్టాన్ని వెలుగుకు పెట్టి బుడగలు లెక్కపెట్టాడు. ఇరవై ఐదు నిమిషాలు పట్టింది. చింతకాయ తలుచుకోరా అని అత్తమ్మ చెప్తే అప్పుడు గీత దాటింది.

ఐదు వారాలకు రంగురంగుల రిపోర్టు వచ్చింది. అందులో ఒక పేజీలో ఎర్ర బాణం గుర్తు, డీఆర్‌డీ4 అనే జన్యువు పేరు, "ఏకాగ్రత లోపానికి అధిక అవకాశం" అన్న వాక్యం. ఆ కాగితం పట్టుకుని రాత్రంతా నిద్రపోలేదు. మా వారు మాట్లాడలేదు. పొద్దున లేచి ఫ్రిజ్ మీది చీటీ తీసి నా చేతికిచ్చి, "పోదాం పద" అన్నారు.

హిమాయత్‌నగర్‌లో డాక్టరమ్మ దగ్గర మొదటి రోజు గంట దాటింది. నేను రిపోర్టు ముందుకు తోస్తే ఆమె దాన్ని పక్కన పెట్టి, "ఇది తర్వాత చూద్దాం. ముందు మీ బాబు గురించి చెప్పండి" అన్నారు. నెలలు నిండాకే పుట్టాడా, బరువు ఎంత, ఎప్పుడు నడిచాడు, ఎప్పుడు మాటలొచ్చాయి, ఫిట్స్ వచ్చాయా, తలకు దెబ్బ తగిలిందా, ఎన్ని గంటలు పడుకుంటాడు, ఇంట్లో గొడవలు ఉన్నాయా, దేనికైనా భయపడతాడా అని అడుగుతూ పోయారు. నెలలు నిండకముందు పుట్టడం, బరువు తక్కువగా ఉండటం కూడా ఈ సమస్యకు అవకాశం పెంచుతాయట. మా వాడు నెలలు నిండాకే, మూడు కిలోల పైనే పుట్టాడు.

తర్వాత కుటుంబం గురించి అడిగారు. తెల్ల కాగితం అడ్డంగా తిప్పి, మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు గుండ్రం గీశారు. పోయినవాళ్ళ మీద అడ్డగీత. పిల్లాణ్ణి ఇంట్లో ఎవరూ పట్టలేరని ఆ రోజు అత్తమ్మ కూడా వచ్చింది. అప్పటిదాకా మూతి ముడుచుకుని కూర్చున్న మనిషి, మామయ్యగారి చతురస్రం గీయగానే ముందుకు వంగింది.

"ఆయన సంగతి చెప్పండమ్మా" అన్నారు డాక్టరమ్మ.

"ఏం చెప్పాలె తల్లీ. సూర్యాపేటల నాలుగు దుకాణాలు పెట్టిండు, మూడు మూసిండు. అన్ని సరుకుల రేట్లు నోటి మీద ఉండె. ఖాతా బుక్కుల మాత్రం ఒక్క అక్షరం రాయకపోతుండె. గల్లా మీద పది నిమిషాలు కూసోడు. సైకిలేసుకుని అంగడికి పోతడు, నడుసుకుంట వస్తడు. సైకిల్ ఆడనే ఉంటది."

డాక్టరమ్మ ఆ చతురస్రాన్ని పెన్సిల్‌తో సగం నింపారు. ఆడపడుచు గుండ్రం దగ్గర అత్తమ్మ, "అది మంచిది. అల్లరి లేదు, ఏం లేదు. ఊకె పరాకుగ ఉంటది, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతది" అంది. అక్కడ డాక్టరమ్మ ఒక చిన్న ప్రశ్న గుర్తు పెట్టారు. ఆడపిల్లల్లో ఎగరడం, దూకడం పెద్దగా కనిపించకపోవచ్చు, పరధ్యానం ఒక్కటే ఉండొచ్చు, ఎవరికీ ఇబ్బంది లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు అన్నారు.

ఆ మాటలు నడుస్తుండగా నేను కింద నేల వైపు చూశాను. కుర్చీ కింద మా చిన్నోడి కాలు ఊగుతోంది. పక్క కుర్చీ కింద మా వారి కాలు కూడా ఊగుతోంది, అదే వేగం. పెళ్ళయి పదమూడేళ్ళు, ఆ కాలు ఊగడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. ఆ రోజే మొదటిసారి చూసినట్టు అనిపించింది. డాక్టరమ్మ కూడా చూశారు, ఏమీ అనలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు రెండు ఫారాలు ఇచ్చారు. వాండర్‌బిల్ట్ స్కేల్ అంటారు. తల్లిదండ్రులది 55 ప్రశ్నలు, టీచరుది 43. ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా అని నాలుగు గడులు. మొదటి తొమ్మిది ఏకాగ్రతవి, తర్వాతి తొమ్మిది కుదురు లేకపోవడానివి. "తరచుగా" లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవే లెక్కకు వస్తాయి, తొమ్మిదిలో కనీసం ఆరు ఉండాలి. ఇంట్లో మాత్రమే కనిపిస్తే సరిపోదు, బడిలో కూడా కనిపించాలి. ఆరు నెలలకు పైగా ఉండాలి. పన్నెండేళ్ళలోపే మొదలై ఉండాలి. అందుకే టీచరు ఫారం అంత ముఖ్యం. నేను రాసేటప్పుడు చాలా చోట్ల చేయి ఆగింది. "తరచుగా" అని టిక్కు పెడితే వాడి మీద చాడీ చెప్పినట్టు ఉండేది. టీచరు మాత్రం చక్కగా నింపి, వెనక పేజీలో, "స్నేహితులకు దెబ్బ తగిలితే అందరికంటే ముందు పరుగెత్తేది ఇతనే" అని రాసింది. ఫారంలో ఆ ప్రశ్న లేదు. ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

సైకాలజిస్టు రెండు రోజులు కూర్చోబెట్టి తెలివితేటల పరీక్ష, చదవడం రాయడం పరీక్ష చేశారు. డిస్లెక్సియా లేదు, తెలివి బాగానే ఉంది. అన్నీ కలిపి చూసి డాక్టరమ్మ ఏడీహెచ్‌డీ, అంటే అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్ అన్నారు. అటెన్షన్ లోపం, కుదురు లేకపోవడం రెండూ ఉన్న రకం. రక్త పరీక్ష కానీ, స్కాన్ కానీ దీన్ని తేల్చదు, ఇట్లా అన్ని వైపుల నుంచి విని, చూసి చెప్పాల్సిందే అన్నారు.

అప్పుడు అడిగాను, మరి ఆ జీన్ రిపోర్టు?

దాని మీద ఆమె నాకిచ్చిన ఇరవై నిమిషాలు ఎప్పటికీ మరిచిపోను. మెదడు కణాల మధ్య కబురు మోసే రసాయనాల్లో డోపమైన్ ఒకటి. డీఆర్‌డీ4 అనేది ఆ డోపమైన్‌ను అందుకునే ఒక గ్రాహకానికి సంబంధించిన జన్యువు. 1996లో దానికీ ఏడీహెచ్‌డీకీ సంబంధం ఉండొచ్చని ఒక పరిశోధన వచ్చింది. అప్పట్లో అనుమానం ఉన్న జన్యువును ముందే ఎంచుకుని, కొద్దిమంది పిల్లల్లో వెతికేవారు. తర్వాత కంప్యూటర్లు, చిప్పులు వచ్చాక మొత్తం జన్యువులన్నింటినీ ఒకేసారి, వేలమందిలో వెతకడం మొదలైంది. 2019లో అచ్చయిన పెద్ద అధ్యయనంలో ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళు 20,183 మంది, లేనివాళ్ళు 35,191 మంది. జన్యు పటంలో 12 చోట్ల తేడా తేలింది. 2023లో ఆ లెక్క 38,691, 1,86,843 దాకా పెరిగితే 27 చోట్లు తేలాయి. అంతకాలం అందరూ చెప్పుకున్న డీఆర్‌డీ4 ఆ వరసలో లేదు. తేలిన చోట్లలో ఒక్కొక్కటి అవకాశాన్ని పెంచేది చాలా కొద్దిగా. అట్లాంటి చిన్న చిన్న మార్పులు వేలల్లో ఉంటాయని, అవి కొన్ని అందరిలోనూ ఉంటాయని చెప్పారు. "నాలోనూ ఉంటాయి, మీలోనూ ఉంటాయి. ఎవరిలో ఎన్ని పోగయ్యాయి, వాటికి తోడు ఇంకేం కలిశాయి అన్నదే తేడా. మీ ఎంజైమ్ సంగతి వేరు, ఇది వేరు" అన్నారు.

నాకు అది అర్థమైన తీరు చెప్తాను. ఎంజైమ్ లోపం ఇంటి తాళం పోయినట్టు. ఆ ఒక్క తాళం లేకపోతే తలుపు తెరుచుకోదు. ఇది పులుసు రుచి లాంటిది. చింతపండు, ఉప్పు, కారం, బెల్లం, మంట, గిన్నె, అన్నీ కలిసి ఒక రుచి వస్తుంది. ఉప్పు డబ్బా ఒక్కటి చూసి పులుసు ఎట్లా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. ఆ కంపెనీ నా దగ్గర 18 వేలు తీసుకుని ఉప్పు డబ్బా చూపించింది. పిల్లల గురించి భయపడే తల్లులకు అట్లాంటి రిపోర్టులు అమ్మడం తప్పు. ఇది చదివేవాళ్ళలో ఎవరైనా ఆ ఆలోచనలో ఉంటే, ఆ డబ్బుతో మంచి డాక్టరు దగ్గర నాలుగుసార్లు చూపించుకోండి.

ఇంకో సంగతి కూడా చెప్పారు. ఈ పెద్ద అధ్యయనాలు దాదాపు యూరప్ మూలాలున్నవాళ్ళ మీదే జరిగాయి. డెన్మార్క్‌లో 1981 నుంచి పుట్టిన దాదాపు ప్రతి బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కను కాగితం మీద ఆరబెట్టి దాచిపెట్టారు. ఆ చుక్కలే ఈ పరిశోధనకు పెద్ద ఆధారం. వాళ్ళలో తేలిన లెక్కలు మనవాళ్ళకు పెడితే సరిగ్గా కుదరవు. మా అక్కవాళ్ళు ఉండేది తార్నాకలో. కొత్తపేట నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా పోయేటప్పుడు హబ్సిగూడ దగ్గర సీసీఎంబీ అనే కణ, జన్యు పరిశోధన సంస్థ గేటు చూస్తూనే పెరిగాను. మన దేశంలో గుంపులు గుంపులుగా లోపలి పెళ్ళిళ్ళ వల్ల జన్యువులు ఎట్లా నిలిచిపోయాయో, అందులో వైశ్యుల ఎంజైమ్ సంగతితో సహా, 2017లో లోకానికి చెప్పిన పరిశోధనలో ఆ సంస్థవాళ్ళు ఉన్నారు. మన దేశంలోనే 10 వేల మంది జన్యుక్రమాలు చదివిన జీనోమ్ ఇండియా సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందింది. పిల్లల ఏకాగ్రత గురించి కూడా మనవాళ్ళ రక్తంతో, మనవాళ్ళ లెక్కతో ఎవరైనా వెతకాలని నాకు గట్టిగా ఉంది. అడిగితే నేను, మా వారు, అత్తమ్మ ముగ్గురం రక్తం ఇస్తాం.

మా వారు అన్నీ విని ఒక్కటే అడిగారు. "నెట్‌లో 74 శాతం వంశపారంపర్యం అని ఉంది మేడమ్. అంటే వాడి కష్టంలో 74 వంతులు నా వల్లేనా?"

ఆ గొంతు వినలేకపోయాను. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టేశారు. ఆ 74 కవల పిల్లల మీద జరిగిన 37 అధ్యయనాల సగటు అన్నారు. ఒకే పోలిక ఉన్న కవలల్లో ఒకరికి ఉంటే రెండోవారికి ఎంత తరచుగా ఉంటుంది, వేరు వేరు పోలిక ఉన్న కవలల్లో ఎంత తరచుగా ఉంటుంది, ఆ తేడా నుంచి తీసిన లెక్క. వేలమంది మధ్య ఉన్న తేడాలు ఎందుకొచ్చాయో చెప్పే లెక్క అది, ఒక పిల్లాడిని ముక్కలు చేసి ఇది నాన్నది, ఇది ఇంటిది అని పంచే లెక్క కాదు. "పొడుగు కూడా ఎక్కువగా పోలిక వల్లే వస్తుంది. అయినా తిండి లేకపోతే పెరగరు కదా. వాడికి మీ పోలిక వచ్చింది. ఆ పోలికతో ఎట్లా బతకాలో నేర్పడం ఇంకా మన చేతుల్లోనే ఉంది" అన్నారు. నా వైపు తిరిగి, "ఇది మీ పెంపకం వల్ల రాలేదమ్మా" అన్నారు. అప్పటిదాకా ఆ వాక్యం నాకు ఎవరూ చెప్పలేదు. అక్కడే ఏడ్చేశాను.

మందు దగ్గర అసలు టెన్షన్ మొదలైంది. మిథైల్‌ఫెనిడేట్ అనే ఉత్తేజక మందు. మొదలుపెట్టే ముందు బీపీ, నాడి, ఎత్తు, బరువు చూసి, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి పోయారా అని అడిగారు. మామయ్యగారిది గుండెపోటే కానీ అరవై దాటాక. అయినా నా మనసు ఊరుకోలేదని ఈసీజీ తీయించారు. ఈ మందు షెడ్యూల్ ఎక్స్‌లో, అంటే అమ్మకం మీద గట్టి కట్టుబాటు ఉన్న మందుల జాబితాలో ఉంది. చీటీ రెండు ప్రతులు రాస్తారు, ఒకటి మందుల షాపువాళ్ళు తమ దగ్గరే పెట్టుకుని రెండేళ్ళు దాచాలి. దానికి వేరే లైసెన్సు కావాలి కాబట్టి చాలా షాపుల్లో ఉండదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆరు షాపులు తిరిగాను. ఒక షాపతను చీటీ చూసి, నన్ను చూసి, "ఇది పిల్లలకెందుకమ్మా" అన్నాడు. చివరికి ఒక పెద్ద ఆస్పత్రి ఫార్మసీలో దొరికింది. మత్తు మందులా వాడకుండా ఈ కట్టుబాటు ఉండాల్సిందే, అది ఒప్పుకుంటాను. కానీ నెల నెలా ఇట్లా తిరగలేక ఎంతమంది మధ్యలో మానేస్తున్నారో కూడా ఎవరైనా చూడాలి.

అత్తమ్మకు రెండు అనుమానాలు. మొదటిది, అలవాటు పడతాడని. డాక్టరు చెప్పిన మోతాదులో వాడిన పిల్లలు పెద్దయ్యాక మత్తుకు అలవాటు పడే ప్రమాదం దానివల్ల పెరగదని అధ్యయనాలు చెప్తున్నాయి. రెండోది, "మా కాలంల గీ రోగాలు లేవు, అన్నీ ఫోన్లతోని వచ్చినయ్" అని. దానికి నేనే చదివి చెప్పాను. 1798లోనే అలెగ్జాండర్ క్రైటన్ అనే స్కాట్లాండ్ డాక్టరు ధ్యాస నిలవని మనుషుల గురించి రాశాడు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు ఇట్లాంటి పిల్లల మీద ఉపన్యాసాలే ఇచ్చాడు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ పిల్లలకు ఉత్తేజకం ఇస్తే ఎగరడం తగ్గి చదువు మీద ధ్యాస పెరగడం చూశాడు. అప్పటికి టీవీ కూడా మన దేశానికి రాలేదు. అత్తమ్మ కాసేపు ఆలోచించి, "అయితే మీ మామకు గూడ గదేనా?" అంది. ఏమని చెప్పను? ఆయన లేరు, అడగడానికి వీల్లేదు.

మొదటి వారం వాడు ఎప్పటిలాగే ఎగిరాడు. మోతాదు కొంచెం పెంచాక ఒక సాయంత్రం లెక్కల పుస్తకం తెచ్చి, "మమ్మీ, మొత్తం పేజీ అయిపోయింది" అన్నాడు. లారీ బొమ్మ లేదు. సంతోషంతో పాటు కొంచెం బెంగ కూడా వేసింది. వెంటనే అడిగాడు, "ఇప్పుడు బొమ్మ గీసుకోనా?" గీశాడు, ఈసారి ట్యాంకరు. ఇబ్బందులు కూడా ఉన్నాయి. మధ్యాహ్నం ఆకలి ఉండదు, టిఫిన్ బాక్సు పెట్టింది పెట్టినట్టు వెనక్కి వచ్చేది. రెండు నెలల్లో దాదాపు కిలో తగ్గాడు. ఇప్పుడు పొద్దున మందుకు ముందే కడుపునిండా తినిపిస్తాను, సాయంత్రం మందు ప్రభావం తగ్గాక పల్లీ పట్టీ, పాలు, రాత్రి పెరుగన్నం. ప్రతిసారీ ఎత్తు, బరువు రాస్తారు. ఇప్పుడు నిలకడగా పెరుగుతున్నాడు.

మందుతో పాటు నాకూ మా వారికీ ఆరు వారాలు క్లాసులు. అక్కడ నేర్చుకున్న వాటిలో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఒక్కటే. ముందు నేను, "లేచి పళ్ళు తోముకుని, యూనిఫాం వేసుకుని, బ్యాగు సర్దుకుని రా" అని వంటింట్లోంచి అరిచేదాన్ని. వాడికి అందేది మొదటి మాటే. ఇప్పుడు దగ్గరికి పోయి, భుజం మీద చేయి వేసి, "బ్రష్" అంటాను. అది అయ్యాక, "చొక్కా". అంతే. పొద్దున్నే అరుపులు లేని ఇల్లు ఎట్లా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. 2007లో అమెరికాలో ఫిలిప్ షా అనే పరిశోధకుడు, ఆయనతో పనిచేసినవాళ్ళు 446 మంది పిల్లల మెదళ్ళ స్కాన్లు చూసి, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మెదడు పై పొర ఎదిగే తీరు మిగతావాళ్ళలాగే ఉందని, సగటున మూడేళ్ళు ఆలస్యమని చెప్పారట. డాక్టరమ్మ ఆ మాట చెప్పిన రోజు నుంచి, వాడి నుంచి ఐదారేళ్ళ పిల్లాడి కుదురు ఆశిస్తున్నాను, తొమ్మిదేళ్ళ పిల్లాడి మాటలు మాట్లాడుతున్నాను. వాడికీ నాకూ ఊపిరి ఆడుతోంది. అందరికీ పెద్దయ్యాక తగ్గిపోదని కూడా తెలుసు.

తగ్గిపోదని చెప్పడానికి మా వారే ఉన్నారు. నాలుగో విజిట్‌లో ఆయనే అడిగారు, "నాకు కూడా ఆ ఫారం ఇస్తారా మేడమ్?" పెద్దవాళ్ళది 18 ప్రశ్నలు. షాపులోనే కూర్చుని నింపారట. పద్నాలుగేళ్ళుగా జీఎస్టీ అయినా వ్యాట్ అయినా చివరి రోజు రాత్రి ఎందుకు కట్టాల్సి వస్తోందో, స్కూటర్ తాళం కోసం రోజూ ఎందుకు వెతుక్కుంటారో, మాట మధ్యలో అడ్డం పడతారని నేను ఎన్నిసార్లు అలిగానో, అన్నీ ఆ కాగితం మీద ఉన్నాయి. చిన్నప్పుడు కూడా ఇట్లాగే ఉండేదని రుజువు ఏదైనా ఉంటే తెమ్మన్నారు.

ఆ ఆదివారం అత్తమ్మ సూర్యాపేట ఇంట్లోని ట్రంకు పెట్టె తెరిపించింది. పట్టుచీరల కింద, మామయ్యగారి కళ్ళజోడు పక్కన, పాత ప్రోగ్రెస్ కార్డులు ఉన్నాయి. నాలుగో తరగతిది నీలం అట్ట, అంచులు చెదలు కొట్టింది. మార్కుల కింద ఎవరో మాస్టారు గుండ్రటి అక్షరాలతో రాశారు: "తెలివి ఉన్నది. కుదురు లేదు. సామాను పోగొట్టుకొనుచున్నాడు."

డాక్టరమ్మ ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూశారు. ఫోటోకాపీ తీయించి ఒకటి మా వారి ఫైల్లో, ఒకటి చిన్నోడి ఫైల్లో పెట్టారు. తర్వాత అడుగున ఉన్న గడుల మీద వేలు పెట్టి, "మూడు పరీక్షలకూ నాన్నగారి సంతకం ఉండాలి కదా, ఒక్కటే ఉందేమిటి?" అని అడిగారు.

"ఆయన యాది మరిచిండు తల్లీ" అంది అత్తమ్మ.